రిగ్గుకు హెలికాప్టర్‌లో వెళ్లాల్సిన ఉద్యోగం: అబ్బాయిని పంపాలా, వద్దా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి పెట్రోలియం ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. ముంబై హైలో, అంటే ముంబై దగ్గర సముద్రంలోని చమురు క్షేత్రంలో, పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. 14 రోజులు రిగ్గు మీద, 14 రోజులు ఇంటి దగ్గర. రాకపోకలన్నీ హెలికాప్టర్‌లోనే. 2022లో అక్కడ హెలికాప్టర్ సముద్రంలో పడి నలుగురు చనిపోయారని తెలిసినప్పటి నుంచి వాళ్లమ్మ వద్దే వద్దంటోంది. వాడు ధైర్యంగా మాట్లాడుతున్నా లోపల బెరుకు ఉన్నట్టే ఉంది. కాలవల్లో పెరిగినవాడు, ఈత బాగా వచ్చు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. 2003 ఆగస్టులో ముంబై తీరం దగ్గర ఓఎన్‌జీసీ సిబ్బందిని తీసుకెళ్తున్న ఎంఐ-172 కూలి 27 మంది చనిపోయారు. 2018 జనవరిలో డాఫిన్ హెలికాప్టర్ కూలినప్పుడు అందులో ఉన్న ఏడుగురిలో ఒక్కరూ మిగల్లేదు. 2022 జూన్ 28న సాగర్ కిరణ్ రిగ్గుకు సుమారు కిలోమీటరున్నర దూరంలో సికోర్‌స్కీ ఎస్-76డి నీళ్లలో దిగింది. ఆ తొమ్మిది మందిలో ఐదుగురు బతికారు. మీరు చూడాల్సింది ఈ ఐదుగురినే. నీళ్లలో పడిన హెలికాప్టర్‌లోంచి బయటికి రావచ్చు, కానీ ఎలా రావాలో ముందే చేతులకు అలవాటై ఉండాలి. అందుకే హెచ్‌ఆర్ వాళ్లు ‘అంతా సేఫేనండీ’ అన్నారని ఒప్పుకోవద్దు, వార్తలు చూసి కాదనుకోవద్దు. అబ్బాయి శిక్షణ ట్యాంకులోకి దిగి వచ్చాక నిర్ణయం తీసుకోండి.

ఆఫ్‌షోర్‌కు, అంటే సముద్రంలో పనికి, వెళ్లే ప్రతి ఒక్కరూ చేయాల్సిన ప్రాథమిక కోర్సును బోసియెట్ అంటారు. ఆఫ్‌షోర్ శిక్షణకు ప్రమాణాలు పెట్టే ఒపిటో సంస్థ లెక్క ప్రకారం అది మూడు రోజులు, సర్టిఫికెట్ నాలుగేళ్లు చెల్లుతుంది, తర్వాత ఒక రోజు రిఫ్రెషర్. మన సముద్రాల్లాంటి వెచ్చటి నీళ్ల కోసం ట్రాపికల్ బోసియెట్ విడిగా ఉంది. గోవాలో ఓఎన్‌జీసీ వారి ఇప్షెమ్ సంస్థ ఇలాంటి సముద్ర భద్రత శిక్షణకే పేరుపొందింది. మంటలార్పడం, ప్రథమ చికిత్స, లైఫ్‌బోటు అన్నీ కోర్సులో ఉంటాయి. మీకు కావలసిన ముక్క మాత్రం హ్యూయెట్, అంటే హెలికాప్టర్ నీళ్లలో మునిగితే బయటపడే సాధన.

హెలికాప్టర్‌కు ఇంజన్లు, గేర్‌బాక్స్, రోటర్ అన్నీ నెత్తి మీదే ఉంటాయి. నీళ్లపై తేల్చే అత్యవసర ఫ్లోట్లు తెరుచుకున్నా అలలు పెద్దవైతే బోర్లాపడుతుంది. అంటే మనిషి తలకిందులుగా, బెల్టుకు వేలాడుతూ, ముక్కులోకి నీళ్లు పోతూ, కళ్లకు ఏమీ కనబడని స్థితిలో ఉంటాడు. ఇలాంటి ప్రమాదాల్లో దెబ్బ తగిలి పోయేవారికన్నా దారి దొరక్క ఊపిరాడక పోయేవారే ఎక్కువ. ఈత వచ్చినవాడు చేసే మొదటి తప్పు కూడా ఇక్కడే. నీళ్లు తగలగానే బెల్టు విప్పేస్తాడు. విప్పగానే దేహం తేలి ఎటో తిరిగిపోతుంది, కిటికీ కుడివైపా ఎడమవైపా అన్నది మరిచిపోతాడు. అందుకే ట్యాంకులో నేర్పే వరస వేరు. పడేముందు బ్రేస్ భంగిమ, అంటే కుదుపును తట్టుకునేలా కూర్చోవడం. ఒక చెయ్యి కిటికీ అంచు మీద, ఒక చెయ్యి బెల్టు బకిల్ మీద. కుదుపులు పూర్తిగా ఆగేదాకా కదలకూడదు. తర్వాత కిటికీ మూలన గట్టిగా తోసి తెరవాలి. అంచును పట్టుకుని ఉండగానే బెల్టు విప్పాలి, చెయ్యి వదలకుండా దేహాన్ని బయటికి లాక్కోవాలి. బెల్టు ముందే విప్పితే కిటికీని తోయడానికి ఆనుకునే ఆధారమూ ఉండదు, తోసినవాడే వెనక్కి పోతాడు.

లైఫ్‌జాకెట్ లోపల ఉండగా ఊదకూడదు. ఊదితే అది మనిషిని క్యాబిన్ పైభాగానికి అదిమేస్తుంది, కిందికి వంగి కిటికీ దాకా రానివ్వదు. పడవల్లో వాడే, నీళ్లు తగలగానే దానంతట అదే ఉబ్బే రకం జాకెట్‌ను హెలికాప్టర్‌లో వేసుకోకూడనిదీ అందుకే. ఎక్కడైనా అలాంటిది చేతికిస్తే అబ్బాయి అక్కడే అడగాలి.

ఇక శ్వాస పరికరం, ఈబీఎస్. వీటిలో కొన్ని ముందే నోట్లో పెట్టుకోవాల్సినవి, కొన్ని నీటి అడుగున కూడా పెట్టుకోగలిగేవి. రెండో రకాన్ని బ్రిటన్‌లో కేటగిరీ ఎ అంటారు. 2013 ఆగస్టులో షెట్లాండ్ దీవుల్లోని సంబరో దగ్గర సూపర్ ప్యూమా బోర్లాపడి 18 మందిలో నలుగురు చనిపోయాక, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ నిబంధనలు బిగించింది. కేటగిరీ ఎ పరికరం లేకపోతే తోసి తెరవగల కిటికీ పక్క సీట్లలోనే ప్రయాణికులు కూర్చోవాలంది. భుజాల వెడల్పు 22 అంగుళాలు దాటినవారిని కొలిచి, వాళ్లు పట్టే కిటికీ పక్కనే కూర్చోబెడతారు. వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ, చిన్న కిటికీలో ఇరుక్కున్నవాడి వెనక ఇంకొకరుంటారు కదా. మీ అబ్బాయి కంపెనీ ఏ పరికరం ఇస్తుందో, దానితోనే ట్యాంకులో సాధన చేయిస్తుందో లేదో అడగండి. గాలి సిలిండరు ఉన్న రకమైతే ఊపిరి బిగబట్టి పైకి తేలకూడదు. మీటరు లోతు నుంచైనా ఊపిరితిత్తులకు దెబ్బ తగలవచ్చు. అందుకే ముందు వైద్య పరీక్ష. ఆస్తమా ఉంటే దాచొద్దు.

శిక్షణ ఎంత బాగున్నా యంత్రం విరిగితే ఏం చేస్తామని అమ్మగారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2016 ఏప్రిల్ 29న నార్వేలో టురోయ్ దగ్గర ఈసీ225 సూపర్ ప్యూమా గాల్లో ఉండగానే రోటర్ ఊడిపోయి 13 మంది చనిపోయారు. మెయిన్ గేర్‌బాక్స్‌లోని ఒక ప్లానెట్ గేరు పైకి పెద్దగా ఆనవాలు లేకుండా లోలోపలే పగులుతూ వచ్చింది. లోహపు రజను పట్టే చిప్ డిటెక్టర్లు గానీ, కంపనాలను గమనించే హమ్స్ వ్యవస్థ గానీ హెచ్చరించలేదు. 2009 ఏప్రిల్ 1న స్కాట్లాండ్ తీరంలో 16 మందిని బలిగొన్న ప్రమాదంలోనూ ప్లానెట్ గేరే విరిగింది, హెలికాప్టర్ కూడా ఆ కుటుంబానిదే. టురోయ్ ప్రమాదం తర్వాత ఈ హెలికాప్టర్లపై పెట్టిన నిషేధాన్ని 2017లో బ్రిటన్, నార్వే ఎత్తేశాయి. అయినా కార్మికులు నమ్మలేదు, నార్త్ సీ చమురు కంపెనీలు వాటిని పాత పనికి మళ్లీ తీసుకోలేదు. కాగితం మీద అనుమతి రావడం, ఎక్కేవాడికి నమ్మకం రావడం వేర్వేరని అక్కడ అందరికీ తెలిసొచ్చింది.

ఇలాంటి లోపాన్ని కొత్తగా చేరిన కుర్రాడు కనిపెట్టలేడు. అతనికి ఉండాల్సింది ఎక్కనని చెప్పే హక్కు. వాతావరణం బాగోలేదని, బ్రీఫింగ్ సరిగా ఇవ్వలేదని, బెల్టు పట్టట్లేదని దిగిపోతే జీతం కోస్తారా, తర్వాతి రొటేషన్‌కు పిలవడం మానేస్తారా? కాంట్రాక్టు కుర్రాళ్లు నోరు మూసుకునేది ఇక్కడే. ఈ ఒక్కదానికి నీళ్లు నమిలే కంపెనీ అయితే, జీతం ఎంత ఇచ్చినా వద్దనే నా సలహా.

హెలికాప్టర్ ఒక్కటే చూసి మిగతాది మరిచిపోకండి. 2021 మే నెలలో తౌక్తే తుఫానుకు ముంబై హై దగ్గర కార్మికులు బస చేసే పీ-305 బార్జి, వరప్రద టగ్గు మునిగి రెండింటిలో కలిపి 80 మందికి పైగా పోయారు. కాబట్టి అబ్బాయి బస రిగ్గు మీదా, బార్జి మీదా, తుఫాను హెచ్చరిక వస్తే ఎవరు ఎప్పుడు ఖాళీ చేయిస్తారన్నదీ అడగాలి. ఒడ్డున ఉంటే నిశ్చింత అందామా అంటే, 1995 పాశర్లపూడి బ్లోఅవుట్, 2014 నగరం పైపులైను పేలుడు చూసిన కోనసీమవాళ్లకు నేను చెప్పేదేముంది.

అబ్బాయి బెరుకు గురించి. ట్యాంకులో మొదటిసారి తిరగేసినప్పుడు చాలామంది కంగారుపడతారు, రెండు మూడు విడతలకు చేతులకు వరస పట్టుబడుతుంది. ఈత రాకపోయినా పూర్తిచేసేవాళ్లున్నారు, గజ ఈతగాడు ఆగిపోయిన సందర్భాలూ ఉంటాయి. చివరిదాకా చేయలేకపోతే, లేదా చేసినా నిద్రపట్టనంత భయం మిగిలితే, అది పరువు తక్కువ కాదు. రాజమండ్రి చుట్టుపక్కల ఒడ్డు మీది డ్రిల్లింగ్, ప్రొడక్షన్ పనులకు ప్రయత్నించమనండి.

ఈ వారమే కంపెనీకి మెయిల్ పెట్టించండి. బోసియెట్ ఖర్చు ఎవరిది, చేరేముందే చేయిస్తారా, ఏ హెలికాప్టర్, ఏ ఈబీఎస్, ఫ్లైట్ నిరాకరిస్తే నియమం ఏమిటి, బస ఎక్కడ. జవాబు రాతపూర్వకంగా రావాలి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ప్రమాద బీమా కంపెనీదే అయినా పాలసీ కాపీ అడిగి, మినహాయింపుల పేజీలో విమాన ప్రయాణం గురించి ఏం రాశారో చదవండి. చార్టర్ హెలికాప్టర్ అందులోకి వస్తుందో లేదో అక్కడే తేలుతుంది.