2011లో ప్రపంచ రజతం, ప్రపంచ కప్‌లో ఒక్క గెలుపూ లేదు: ఎలెనా రుంగ్గాల్డియర్ రికార్డును ఎలా చదవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇటలీ స్కీ జంపర్ ఎలెనా రుంగ్గాల్డియర్ 2011లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రజతం గెలిచింది, ప్రపంచ కప్ విజేతల జాబితాలో మాత్రం ఎక్కడా పేరు లేదు. ఆ పతకం గాలివాటుగా వచ్చిందా?

కాదు. ఆమె పేరు పక్కనున్న అంకెలకంటే ముందు ఆ ఏడాది మహిళలకు ఏయే పోటీలు ఉన్నాయో చూడాలి. ప్రపంచ కప్ అంటే సీజన్ పొడవునా పాయింట్ల లెక్కన సాగే పోటీల వరుస. మహిళలకు అది 2011 డిసెంబరులో లిల్లేహామర్‌లో మొదలైంది. రజతం వచ్చింది 2011 ఫిబ్రవరి 25న, ఓస్లోలో. అంటే పతకం నాటికి ప్రపంచ కప్ అనేదే లేదు. 2004-05 నుంచి నడుస్తున్న కాంటినెంటల్ కప్పే అప్పటి మహిళలకు అన్నిటికన్నా పై మెట్టు. మగవాళ్ల విషయంలో అదే పేరున్న పోటీ రెండో శ్రేణిది. అందుకే పాత పట్టికలో 'కాంటినెంటల్ కప్' అని కనబడగానే చిన్న పోటీ అని కొట్టిపారేస్తే లెక్క తప్పుతుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. 2011 ఓస్లోలో ఒక పురుష జంపర్‌కు పతకానికి నాలుగు అవకాశాలున్నాయి: చిన్న కొండ, పెద్ద కొండ (కొండ అంటే దూకడానికి కట్టిన వాలు), రెండిటిమీదా జట్టు పోటీలు. మహిళలకు ఉన్నది ఒక్కటే, మిడ్‌స్టుబాకెన్ చిన్న కొండమీద వ్యక్తిగత పోటీ. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మహిళలకు చోటు దొరికిందే 2009లో, లిబెరెట్స్‌లో. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో మహిళల పోటీ లేదు. జంపర్లు కోర్టుకెళితే, వివక్ష ఉన్నమాట నిజమేగానీ ఒలింపిక్ కమిటీ నిర్ణయాన్ని మార్చే అధికారం తనకు లేదని కోర్టు తీర్పిచ్చింది. ఆడా మగా కలిసి దూకే మిశ్రమ జట్టు పోటీ 2013లో, మహిళల జట్టు పోటీ 2019లో, పెద్ద కొండ 2021లో వచ్చాయి. 1990లో పుట్టిన జంపర్‌కు ఇవన్నీ ఆలస్యంగా తెరుచుకున్న తలుపులే. దొరికిన ఆ ఒక్క పోటీలో, పొగమంచు కమ్మిన రోజున, ఆస్ట్రియా జంపర్ డానియెలా ఇరాష్కో వెనకాల, ఫ్రాన్స్ జంపర్ కొలీన్ మాటెల్ ముందు నిలవడం చిన్న సంగతేమీ కాదు. పద్నాలుగేళ్ల సారా తకానాషి, తర్వాత ప్రపంచ కప్‌ను ఏలిన జపాన్ అమ్మాయి, ఆ రోజు ఆరో స్థానంలో ఉంది.

ఇక పట్టికలోని అంకెల సంగతి. ప్రతి కొండకూ దూరాన్ని లెక్కగట్టడానికి దిగే వాలుమీద ఒక 'కె' గీత ఉంటుంది, మిడ్‌స్టుబాకెన్‌లో అది 95 మీటర్లు. అక్కడ సరిగ్గా ఆ గీతమీద దిగితే 60 పాయింట్లు. అక్కడినుంచి మీటరుకు 2 చొప్పున కలుపుతారు లేదా తీసేస్తారు. పెద్ద కొండమీద మీటరుకు 1.8, అన్నిటికన్నా పెద్దవైన ఫ్లయింగ్ కొండలమీద 1.2. దూరాన్ని అర మీటరు లెక్కన కొలుస్తారు. ఐదుగురు జడ్జీలు గాల్లో ఎలా ఉన్నారో, ఎలా దిగారో చూసి తలా 20కి మార్కులు వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ వదిలేసి మిగతా మూడూ కూడతారు. ఉదాహరణకు 97 మీటర్లు దూకితే దూరానికి 64. మార్కులు 17, 17.5, 18, 18, 18.5 అనుకోండి, 53.5 వస్తుంది. మొత్తం 117.5. ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి మోకాళ్లు వంచి దిగడాన్ని టెలిమార్క్ అంటారు. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి దిగితే ఒక్కో జడ్జీ కనీసం 2 మార్కులు కోసేవాడు. మూడు మార్కులే లెక్కకొస్తాయి కాబట్టి నష్టం 6, చిన్న కొండమీద మూడు మీటర్లతో సమానం. మరీ దూరం వెళ్లినవాళ్లకే ఈ ఇబ్బంది ఎక్కువ: కొండ వాలు తగ్గి చదునయ్యే చోట దిగేసరికి దెబ్బ మోకాళ్లమీద పడుతుంది, టెలిమార్క్ కుదరదు. అందుకే పట్టికలో ఎక్కువ దూరం దూకినవాళ్లు కిందా, తక్కువ దూకినవాళ్లు పైనా కనిపిస్తే కంగారు పడకండి.

గాలి లెక్కలో చాలామంది తడబడతారు. గాలిపటం ఎలాగైతే ఎదురుగాలికి లేస్తుందో జంపర్ కూడా అంతే. ఎదురుగాలి ఉంటే పాయింట్లు కోస్తారు, వెనకనుంచి వీస్తే కలుపుతారు. బయలుదేరే గేటును కిందికి దించితే వేగం తగ్గుతుంది గనుక దానికీ పాయింట్లు కలుపుతారు. ఈ పద్ధతిని 2009 వేసవి పోటీల్లో పరీక్షించాక తీసుకొచ్చారు. అంతకుముందు ఫలితాలకు ఈ సవరణ లేదు కాబట్టి, పాత మొత్తాలను కొత్తవాటి పక్కన పెట్టి పోల్చకూడదు.

పతకాల మధ్య తేడా ఎంత సన్నగా ఉంటుందో ఇటలీ గడ్డమీదే చూడొచ్చు. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో, ప్రగెలాటో పెద్ద కొండమీద థామస్ మోర్గెన్‌స్టెర్న్ ఆండ్రియాస్ కోఫ్లర్‌ను ఓడించింది 0.1 పాయింటుతో. అక్కడ అర మీటరు అంటేనే 0.9. అంటే దూరంలో ఎవరు ముందున్నా జడ్జీల మార్కులు దాన్ని దాదాపు పూర్తిగా మింగేశాయన్నమాట.

ఇటలీవాళ్ల రికార్డును బేరీజు వేసేటప్పుడు ఆ దేశంలో ఈ ఆట ఎంత చిన్నదో కూడా గుర్తుంచుకోండి. అంత ఖర్చుపెట్టి కట్టిన ప్రగెలాటో కొండలు ఒలింపిక్స్ అయ్యాక వాడుక లేక పాడుబడ్డాయి. పెద్ద పోటీలకు మిగిలింది వాల్ దీ ఫియెమ్మేలోని ప్రెదాజ్జో ఒక్కటే. పురుషుల్లో రొబెర్తో చెకోన్ 1994లో ప్లానిత్సాలో ఫ్లయింగ్ ప్రపంచ కాంస్యం గెలిచాడు. మహిళల్లో ఎవెలిన్ ఇన్సామ్ 2014 సోచీలో, మహిళల తొలి ఒలింపిక్ పోటీలో ఐదో స్థానం తెచ్చుకుంది. మనుయెలా మల్సీనర్ 2017లో జూనియర్ ప్రపంచ విజేత. ఈ పేర్ల పక్కన పెట్టి చూస్తే రుంగ్గాల్డియర్ రజతం బరువేమిటో తెలుస్తుంది.

ప్రపంచ కప్ పట్టికలకు వచ్చినప్పుడు: మొదటి రౌండ్‌లో తొలి 30 మందికే రెండో జంప్. వాళ్లకే పాయింట్లు, మొదటి స్థానానికి 100, తర్వాత 80, 60, 50, 45, చివరి 30వ స్థానానికి 1. అంటే 31వ స్థానం, 40వ స్థానం రెండూ సున్నాయే. ఒక సీజన్ మొత్తంలో తక్కువ పాయింట్లు కనిపిస్తే ఆ జంపర్ ఎప్పుడూ అట్టడుగునే ఉందని కాదు, ఎన్నిసార్లు 31, 32 దగ్గర ఆగిపోయిందో విడిగా చూడాలి. 'డీఎస్‌క్యూ' (అనర్హత) అని ఉంటే అది జంప్ బాగాలేక కాదు, చాలాసార్లు సూటు కొలత తప్పడంవల్ల. 2022 బీజింగ్ మిశ్రమ జట్టు పోటీలో ఐదుగురు మహిళా జంపర్లను ఇలాగే తప్పించారు. తకానాషి, ఇరాష్కో ఇద్దరూ అందులో ఉన్నారు.