వయసు పైబడిన పాయింట్ గార్డుకు ధర కట్టే పద్ధతి

నల్లగొండ

చిరంజీవి అల్లునికి ఆశీస్సులు.

బాస్కెట్‌బాల్‌లో వయసు పైబడిన ఓ పాయింట్ గార్డును, అంటే బంతిని నడిపి ఆటను సాగించే ఆటగాడిని, మరో జట్టు తీసుకుంటే బదులుగా ఎంత ఇవ్వవచ్చో ధర కట్టి మహబూబ్‌నగర్ నుంచి నువ్వు పంపిన లెక్కల కాగితాన్ని శ్రద్ధగా చదివాను. ఆ ఆటగాడి వయసు, సగటు పాయింట్లు, అసిస్టులు (బాస్కెట్‌కు దారితీసిన పాసులు) అన్నీ రాశావు గాని, అతడిని తీసుకోబోయే జట్టుకు ఏ కొరత ఉన్నదో రాయలేదు. అంగడిలో ఎద్దును కొనే రైతు పళ్లు చూసి వయసు తెలుసుకుంటాడు గాని, నాలుగడుగులు నడిపించి చూడనిదే బేరం తెంపడు.

అమెరికా లీగు ఎన్‌బీఏలో పేరుమోసిన పాయింట్ గార్డు క్రిస్ పాల్ సంగతే చూడు. 2019లో హ్యూస్టన్ జట్టు వెస్ట్‌బ్రూక్ అనే మరో గార్డును తెచ్చుకోవడానికి ఓక్లహోమా సిటీ జట్టుకు పాల్‌ను ఇవ్వడమే కాక, రెండు మొదటి రౌండు పిక్కులను (కొత్త కుర్రవాళ్లను ముందుగా ఎంచుకునే హక్కులను) పైన కలిపి ఇచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో, 35 ఏళ్ల వయసులో, 4 కోట్ల డాలర్లు దాటిన జీతంతో ఉన్న అదే మనిషి కోసం ఫీనిక్స్ నలుగురు ఆటగాళ్లనూ ఒక మొదటి రౌండు పిక్కునూ ఎదురిచ్చింది. అంతకు ముందు సీజన్లో 34 గెలిచి 39 ఓడిన ఆ జట్టు, అతడు వచ్చిన ఏడాది 51 గెలిచి ఫైనల్ దాకా వెళ్లింది. బుకర్, ఐటన్ అనే మంచి కుర్ర ఆటగాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు. వారికి బంతిని వేళకు అందించే పెద్దమనిషి కరువయ్యాడు, అంతే.

ఎదురు వచ్చిన ఆటగాళ్లందరినీ ధర కింద జమ కట్టకు. ఇచ్చిపుచ్చుకునే ఆటగాళ్ల జీతాలు సరితూగాలన్న నిబంధన కోసమే కొందరు వస్తారు కనుక, అసలు విలువను పిక్కులోనూ ఎదిగే కుర్రవాడిలోనూ వెతుకు. కాంట్రాక్టులో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో కూడా తప్పక చూడు.

ఇక కాళ్ల విషయం. వేగం మీదనే బతికిన గార్డు విలువ త్వరగా పడిపోతుంది. చూపు, పాస్, నిలబడి వేసే మూడు పాయింట్ల షాట్ ఉన్నవాడు నిలుస్తాడు. 2008లో జేసన్ కిడ్ అనే పాత గార్డు కోసం డల్లాస్ జట్టు డెవిన్ హారిస్ అనే కుర్ర గార్డునూ రెండు మొదటి రౌండు పిక్కులనూ ఇచ్చినప్పుడు, ఆ మరుసటి ఏడాదే హారిస్ ఆల్-స్టార్ (మేటి ఆటగాళ్ల ప్రత్యేక ఆటకు ఎంపికైనవాడు) అయినప్పుడు, డల్లాస్ నష్టపోయిందనే అనిపించింది. కాని 2011లో 38 ఏళ్ల కిడ్‌తోనే ఆ జట్టు ఎన్‌బీఏ కప్పు గెలిచింది.

స్కోరు పుస్తకానికి ఎక్కని పని ఒకటి ఉంటుంది. మన కళాశాల కోర్టులో పాత గార్డు ఒకడు బంతి చేతికి రాకముందే, పోస్టులో, అంటే రింగు దగ్గర, నిలబడిన కుర్రవాడిని వేలితో చూపి అరడుగు పక్కకు జరుపుతాడు. ఆ ఖాళీలోంచి మరొకడు రింగు దాకా వెళ్లి లేఅప్ వేస్తాడు. ఆ బాస్కెట్ లెక్కలో గార్డు పేరు ఎక్కడా ఉండదు, కాని అతడు బెంచీ మీద ఉన్నప్పుడు ఆ ఖాళీయే పుట్టదు.

కాబట్టి నీ ఆటగాడి ఆటలు కొన్ని పూర్తిగా చూడు. నాలుగో క్వార్టర్లో రింగు దాకా చొరబడుతున్నాడా, ఫ్రీ త్రోలు తగ్గుతున్నాయా, వరుస రాత్రుల ఆటల్లో ఒకటి మానుకుంటున్నాడా, ప్రత్యర్థులు పనిగట్టుకొని అతడు కాపలా ఉన్న వైపే దాడి చేస్తున్నారా అన్నవి రాసుకొని, ఏ జట్టు కోసం ధర కడుతున్నావో పైన పేరు పెట్టి, ఆ కాగితాన్ని మళ్లీ పంపు.

ఇట్లు,
నీ మామ