ఎడారి నీలిగంటలు విత్తేముందు

చిరంజీవి సౌమ్యకి,

ఆశీస్సులు. కాలిఫోర్నియాలో మీ పామ్ డెజర్ట్ ఇంటి ముందు డెజర్ట్ బ్లూబెల్, అదే మన ఎడారి నీలిగంట పూలమొక్క, వేస్తానన్నావు, చాలా సంతోషం. మొజావే, సోనోరన్ ఎడారులే దాని పుట్టిల్లు. అందుకే దాన్ని గారాబం చెయ్యకు.

విత్తనాల ప్యాకెట్ మీద దాని శాస్త్రీయ నామం ‘ఫసీలియా కాంపాన్యులేరియా’ అని రెండు మాటలూ ఉన్నాయేమో చూసుకో. ఉత్త ఫసీలియా అని ఉంటే చాలాసార్లు అది పచ్చిరొట్టకి చల్లే టానసెటిఫోలియా అనే వేరే జాతి. మూడడుగులు ఎదుగుతుంది, పూలు లేత ఊదా.

అక్టోబరు నెలాఖరు దాకా ఆగు. నేల 13–18 సెల్సియస్ డిగ్రీలకి చల్లబడితేనే బాగా మొలుస్తాయి. నారు పోసి నాటొద్దు, వేరు కదిలితే తేరుకోదు. ఎరువు వేస్తే ఆకు బలుస్తుంది, పూలు తగ్గుతాయి. కుండీలో అయితే సగానికి సగం ముతక ఇసుక కలుపు.

విత్తనం ఆవగింజకన్నా చిన్నది. చెంచాడు విత్తనానికి పది చెంచాల పొడి ఇసుక కలిపి చల్లు. అందరూ తప్పు చేసేది ఆ తర్వాతే. దీనికి చీకటి కావాలి, వెలుతురు తగిలితే మొలవదు. పావు అంగుళం మట్టి కప్పి అరచేత్తో అదుము.

ఎడారిలో ఇవి చిన్న జల్లుకి లేవవు, గట్టి వాన పడాలి. కాబట్టి మొదటి తడి ఆరంగుళాల లోతుకి దిగాలి. సన్నటి జల్లుతో, ఆగి ఆగి పెట్టు. పైపుతో ధార వదిలితే గింజలన్నీ ఓ మూలకి కొట్టుకుపోతాయి. మొలకలొచ్చేదాకా, అంటే రెండు మూడు వారాలు, పైమట్టి ఆరనివ్వకు. నాలుగాకులు వేశాక వేలు గుచ్చి చూడు, రెండంగుళాలు పొడిగా ఉంటేనే నీళ్ళు, అదీ పొద్దున్నే. రాత్రంతా తడి నిలిస్తే కాడ మొదలు దగ్గర కుళ్ళి లేత మొక్క వాలిపోతుంది.

ఆరంగుళాలకి ఒకటి ఉంచి మిగతావి కత్తెరతో తీసెయ్, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. గ్లవ్స్ వేసుకో తల్లీ, ఆకుల మీది జిగురు నూగుకి కొందరికి దద్దుర్లు వస్తాయి.

ఫిబ్రవరి కల్లా మొగ్గల కాడ తేలు కొండిలా చుట్టుకుని కనిపిస్తుంది. అది విప్పుకునే కొద్దీ ఒక్కో గంట విచ్చుకుంటుంది. ముదురు నీలం, లోపల్నించి తెల్లటి కేసరాల కొసలు బయటికి తొంగిచూస్తాయి. వంగి దగ్గర్నించి చూడు.

ఎండిన మొక్కల్ని వెంటనే పీకెయ్యకు. కింది కాయలు ముందు పండుతాయి. గోధుమరంగుకి తిరిగినవి కాగితం కవర్లో దులుపుకో, మిగతావి అక్కడే రాలనీ. జాషువా ట్రీ నేషనల్ పార్కులో మాత్రం పువ్వైనా గింజైనా కొయ్యకు, నిషేధం.

ఇట్లు,
మీ పెద్దమ్మ