గోడలు ఫొటో తీసే అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ మూడో సంవత్సరం చదువుతోంది. తోటివాళ్లు పెళ్లిళ్లు తీసి సంపాదించుకుంటుంటే, తను నాలుగు నెలలుగా ఊళ్లో, మా అమ్మ పోయాక ఖాళీగా ఉన్న ఇంటి గోడలను ఫొటోలు తీస్తోంది. ఒకే ఆలోచన చుట్టూ తీసే ‘కాన్సెప్చువల్ ప్రాజెక్టు’ అంటుంది. రంగులు వేయించి ఇల్లు అద్దెకిద్దామంటే ఒప్పుకోవడం లేదు. మూడు ఫొటోలు పంపుతున్నాను. ఆరు నెలల వెడ్డింగ్, ఏఐ ఫొటోగ్రఫీ కోర్సులో చేర్చాలా, పీజీ చేయించాలా? పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఫొటోలు చూశాను. మీరు చూశారా? చూసి ఉంటే వాటిని ‘గోడలు’ అని రాయరు. మొదటి దాంట్లో ఏళ్ల తరబడి క్యాలెండర్ వేలాడిన చోట వెలిసిపోకుండా మిగిలిన నలుచదరం, పైన ఒక మేకు. రెండో దాంట్లో నేలకు రెండడుగుల ఎత్తున నూనె మరక. ఎవరో రోజూ అక్కడే కూర్చుని గోడకు తల ఆనించేవారు. ఎవరో మీకు తెలుసు.

మీ అమ్మాయి ఆవిడ ముఖం చూపకుండా ఆవిడ కూర్చున్న చోటు చూపింది. ఫ్లాష్ వాడలేదు. వాడితే ఎదురు వెలుగుకు గోడంతా చదునైపోయి మరక అంచు పోయేది. తలుపులోంచి ఏటవాలుగా వెలుగు పడే కాసేపట్లోనే, రెండూ ఒకే ఎత్తు నుంచి తీసింది. ఇలాంటి పనికి నాలుగు నెలలు ఎక్కువేమీ కాదు.

మూడోది నాకు నచ్చలేదు. గోడ ముందు దీపం వెలిగించి పెట్టింది. చూసేవాళ్లను ఏడవమని చెప్పినట్టుంది. ఆ మరక పక్కన దీపం అక్కర్లేదు. నా మాటగా ఆమెకు చెప్పండి.

ఇది పనిలేని పని అని మీ భయం. ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ పాత దస్త్రాల గదులను, బీరువాల్లో కట్టలు కట్టలుగా పేరుకున్న కాగితాలను ఏళ్లపాటు ఫొటోలు తీశారు. 2022లో ఆమెకు ఫొటోగ్రఫీలో అంతర్జాతీయంగా పేరున్న హాసెల్‌బ్లాడ్ అవార్డు వచ్చింది. బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్., రాజా రవివర్మ చిత్రాల్లోని స్త్రీలలా తానే వేషం కట్టి, ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000-2004 మధ్య ఆ బొమ్మలను ఫొటోలుగా మళ్లీ నిలబెట్టారు. మీ అమ్మాయికి అవార్డులొస్తాయని నేను అనడం లేదు. ఆమె నడిచే దారిలో ముందు నడిచినవాళ్లున్నారని చెబుతున్నాను.

ఇక ఆ ఆరు నెలల కోర్సు. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఇదే అడుగుతున్నారు, నాకు మాత్రం దానిపై నమ్మకం కుదరడం లేదు. పెళ్లి ఫొటోగ్రఫీ గౌరవమైన వృత్తే, కానీ అది ముహూర్తాలతో నడుస్తుంది. ఆషాఢంలో, మూఢంలో చేతిలో పని ఉండదు. కొత్తవాళ్లు ఎవరి దగ్గరో రోజు కూలికి కెమెరా పట్టాలి. ఆ మెళకువలు ఒక మంచి సీనియర్ దగ్గర రెండు సీజన్లు పనిచేస్తే వస్తాయి, పైగా డబ్బులిచ్చి నేర్పుతారు. ఏఐ సంగతి మరీ విడ్డూరం. కేటలాగ్ ఫొటోల్లో నేపథ్యం మార్చడం లాంటివి సాఫ్ట్‌వేర్ ఇప్పటికే చేసేస్తోంది. యంత్రం లాక్కుంటున్న పనినే నేర్పుతామని ఫీజు అడుగుతున్నారు! ‘ఉద్యోగం గ్యారంటీ’ అన్నవాళ్లను, నిరుడు చేరిన పిల్లలు తీసిన ఫొటోలు చూపమని అడగండి.

పీజీ అంటే గాంధీనగర్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫొటోగ్రఫీ డిజైన్ కోర్సు ఉంది. ప్రవేశాల వివరాలు అమ్మాయికి తెలిసే ఉంటాయి. అక్కడైనా, ప్రకటనల సంస్థలోనైనా పోర్ట్‌ఫోలియో, అంటే తాను తీసినవాటిలో ఎంచి పెట్టుకున్న ఫొటోలు, అడుగుతారు. పెళ్లి ఆల్బమ్‌లు పట్టుకొచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. ఒకే విషయం మీద ఇరవై ఫొటోలు నిలబెట్టి, ఏది ఎందుకు తీసేసిందో చెప్పగలిగే పిల్ల అరుదు. ఈ ప్రాజెక్టు నేరుగా డబ్బు తేకపోవచ్చు. ఖర్చులకు సీజన్‌లో వారాంతాలు పెళ్లిళ్లకు సహాయకురాలిగా వెళ్లమనండి, నామోషీ ఏమీ లేదు.

ఒక్క మాట కటువుగా అంటాను. చుట్టాలు ‘అమ్మాయి ఏం చేస్తోంది’ అంటే చెప్పలేకపోవడం మీ ఇబ్బంది. దాన్ని ఆమె భవిష్యత్తు మీదికి నెట్టకండి. నాలుగు నెలలుగా మీ అమ్మ ఇంట్లో ఒంటరిగా పని చేసుకుంటున్న బిడ్డ దగ్గరకు మీరు ఒక్కసారైనా వెళ్లినట్టు ఉత్తరంలో లేదు.

ఈ ఆదివారం వెళ్లండి. ఆ మరక దగ్గర ఆవిడ ఏ వేళ కూర్చునేవారో, ఏం చేస్తూ కూర్చునేవారో అమ్మాయికి చెప్పండి. అది ఆమెకు ఏ కోర్సులోనూ దొరకదు. రంగులవాళ్లకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఆగమనండి.