ఫైర్‌వాల్ ఉండగానే ట్యాలీకి తాళం పడింది, డీలర్ని అడగొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. ముగ్గురం భాగస్వాములం. రెండేళ్ల కింద హైదరాబాద్ డీలర్ ఒకాయన మిల్లుకు వచ్చి చూసి, "మీ పద్నాలుగు సిస్టమ్‌లకు ఈ మోడల్ చాలు" అని ఇంటర్నెట్ నుంచి వచ్చే దాడులను అడ్డుకునే ఫైర్‌వాల్ బాక్సు పెట్టించాడు. మూడేళ్ల లైసెన్సుతో కలిపి 1 లక్షా 85 వేలు. ఏడాదికి 30 వేల చొప్పున ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) కూడా రాసుకున్నాం. పెట్టిన నాటి నుంచే నెట్ స్లో. మొన్న వడ్ల సీజన్‌లో ఒకరోజు పొద్దున కాటా దగ్గర సిస్టమ్ ఆన్ చేస్తే ఫైళ్లన్నీ లాక్ అయి ఉన్నాయి, డబ్బు కట్టమని స్క్రీన్ మీద నోటీసు. ట్యాలీలో ఉన్న లెక్కల డేటా మొత్తం పోయింది. మా అకౌంటెంట్ ఇంటి నుంచి పని చేసుకోవడానికి డీలర్ మనిషే ఫైర్‌వాల్‌లో ఏదో పోర్టు (బయటి నుంచి లోపలికి దారి) ఓపెన్ చేశాడని, అందులోంచే వచ్చారని వేరే ఇంజినీరు అంటున్నాడు. డీలరేమో "ఫైర్‌వాల్ పెడితే వైరస్ రాదని ఎవరు చెప్పారు?" అంటున్నాడు. ఫైర్‌వాల్ తయారుచేసిన కంపెనీకి మెయిల్ పెడితే లైసెన్స్ అగ్రిమెంట్ చదువుకోమన్నారు. మాకు 6 లక్షలకు పైనే నష్టం. కన్స్యూమర్ ఫోరంలో వేయొచ్చా? చీటింగ్ కేసు పెట్టొచ్చా? ఈ ఏడాది ఏఎంసీ డబ్బు ఇంకా ఇవ్వలేదు, ఆపేయొచ్చా? చెక్ చేస్తాం బాక్సు పంపమంటున్నాడు, పంపాలా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే నిలబడాలి. బాక్సు పంపకండి.

ఆ ధరలో వచ్చే చిన్న బాక్సుల్లో చాలావాటికి హార్డ్ డిస్క్ ఉండదు. ఎవరు ఎక్కడి నుంచి లోపలికి వచ్చారన్న లాగ్ మెమరీలోనే ఉంటుంది, కరెంటు తీస్తే పోతుంది. బాక్సు మీద పిన్నీసు దూరేంత కన్నం ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే సెట్టింగులన్నీ చెరిగిపోయి బాక్సు కొత్తదైపోతుంది. మీ డీలర్‌ది దురుద్దేశమని నేననను. రిపేరుకొచ్చిన దాన్ని ముందు రీసెట్ చేయడం వాళ్లకు అలవాటు. నా క్లయింటు ఒకాయన ఇలాగే నమ్మి ఇచ్చేశాడు. వారం తర్వాత బాక్సు శుభ్రంగా తుడిచి తెచ్చిచ్చారు. లోపల చూస్తే ఏమీ లేదు, మేం నోటీసులో రాయాలనుకున్న విషయం సహా.

బాక్సు ఇంకా నడుస్తుంటే ఆఫ్ చేయకండి, ఇంటర్నెట్ వైరు మాత్రం తీసేయండి. డీలర్‌తో సంబంధం లేని ఇంజినీరును పిలిపించి లాగ్‌లు, సెట్టింగుల ఫైలు కాపీ చేయించండి. నాకు కావాల్సినవి మూడే. ఆ పోర్టు ఎవరి లాగిన్‌తో తెరిచారు? బాక్సు సాఫ్ట్‌వేర్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది? లైసెన్సు ఎవరి పేరున, ఏ తేదీ దాకా ఉంది?

ఇలా తీసిన ఫైళ్లను ఊరికే పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తే కోర్టులో సాక్ష్యం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం దానికి సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు హాష్ వాల్యూ కూడా రాయాలి, అంటే తర్వాత ఒక్క అక్షరం మారినా తెలిసిపోయే నంబరు. కాపీ తీసే రోజే ఇంజినీరుతో ఈ పని చేయించుకోండి. డీలర్ మనిషితో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు మీ గుమాస్తా ఫోన్లో ఉంటే ఆ ఫోను అలాగే ఉంచండి. స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టి, ఫోనును ఎక్స్ఛేంజ్ ఆఫర్లో ఇచ్చేసి వచ్చినవాళ్లున్నారు.

ఇక కన్స్యూమర్ ఫోరం. నల్లగొండలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఫీజు తక్కువ, నిజమే. కానీ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాళ్లను వినియోగదారులుగా ఒప్పుకోదు. తన పొట్టకూటికి సొంతంగా పనిచేసుకునే మనిషి కొనుక్కుంటే మాత్రం మినహాయింపు ఉంది. దేవరకొండలో ఒక్కడే కూర్చుని జిరాక్స్, ఆన్‌లైన్ పనులు చేసుకునే కుర్రాడు ఇదే బాక్సు కొని ఉంటే వెళ్లమనేవాణ్ని. ముగ్గురు భాగస్వాములు, పద్నాలుగు సిస్టమ్‌లు ఉన్న మిల్లుకు ఆ దారి కష్టం. 2025 నవంబర్‌లో పాలీ మెడిక్యూర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. ఆ కంపెనీ తన వ్యాపార పనులు ఆటోమేట్ చేసుకోవడానికి సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొని, అది సరిగా పనిచేయలేదని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లింది. లాభం కోసం నడిచే పనికి ముడిపడిన కొనుగోలు కాబట్టి మీరు వినియోగదారు కాదన్నారు. ఫైర్‌వాల్ లాభం తెచ్చేది కాదు, కాపలా కాసేది మాత్రమేనని వాదించొచ్చు. వాదన బాగానే ఉంది గానీ, దాని మీద మీ రెండేళ్లు పందెం కాయమని చెప్పలేను.

చీటింగ్ కేసు కూడా అంతే. సరుకు బాగాలేకపోవడం, సర్వీసు సరిగా చేయకపోవడం చీటింగ్ కాదు. అమ్మిన రోజే మోసం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. అయితే పైన అడిగిన మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఇది మారొచ్చు. బాక్సు సీరియల్ నంబరు పెట్టి కంపెనీని అడగండి. మూడేళ్లకు బిల్లు వేసి ఏడాది లైసెన్సే వేయించి ఉంటే, రెండో ఏడాది నుంచి దాడులను గుర్తించే అప్‌డేట్లు రాక ఆ బాక్సు లైట్లు వెలిగే డబ్బాలా కూర్చుని ఉంటుంది. అప్పుడది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కిందికి వచ్చే సంగతి, పోలీస్ స్టేషన్‌కు వెళ్లొచ్చు. లైసెన్సును డీలర్ తన సొంత ఖాతాలో రిజిస్టర్ చేసుకోవడం కూడా తరచూ కనిపిస్తుంది. అది ఒక్కటే నేరం కాదు గానీ, రెన్యువల్‌కు మిమ్మల్ని తన చుట్టూ తిప్పుకోవడానికి పనికొస్తుంది.

మీకు అసలు దారి సివిల్ దావా. అందులో డీలర్‌ను, కంపెనీని వేర్వేరుగా చూడండి.

కంపెనీ మీద గెలవడం కష్టం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఒప్పుకుంటున్నాను" అని నొక్కిన అగ్రిమెంట్‌లో సాధారణంగా రెండు ముక్కలుంటాయి: ఏ దాడినీ పూర్తిగా ఆపుతామని హామీ ఇవ్వం, మా బాధ్యత మీరు కట్టిన ధరకు మించదు. సంతకం పెట్టిన ఒప్పందంలో ఇలాంటి పరిమితి ఉంటే చెల్లుతుందని 1996లో భారతి నిట్టింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా ఎంత పెద్ద కంపెనీ బాక్సుకైనా కన్నం పడుతుంది. 2024 ఏప్రిల్‌లో పాలో ఆల్టో కంపెనీ ఫైర్‌వాళ్లలో బయటపడిన లోపానికి తీవ్రతలో 10కి 10 ఇచ్చారు. లోపం బయటపడటం వేరు, దాన్ని పూడ్చే అప్‌డేట్ వచ్చాక నెలల తరబడి వేయకపోవడం వేరు. ఆ రెండోది ఎవరి పని? మీ ఏఎంసీ కాగితం తీసి చూడండి. "అప్‌డేట్లు, నిర్వహణ" అన్న మాట అందులో ఉంటే అది డీలర్ పని. కంపెనీ అగ్రిమెంట్‌లోని పరిమితి డీలర్ తన ఒప్పందంలో కూడా రాసుకున్నాడో లేదో చూడండి. రాసుకోనివాళ్లే ఎక్కువ.

నెట్ స్లో అయిన విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ అందులో బలముంది. బాక్సు కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉండే స్పీడు, కాపలా ఫీచర్లేవీ ఆన్ చేయనప్పటిది. వైరస్ తనిఖీ, దాడుల గుర్తింపు అన్నీ ఆన్ చేస్తే అందులో కొంత భాగమే మిగులుతుంది. ఆ సంఖ్య అదే కాగితంలో కింద ఎక్కడో ఉంటుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం, కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే ఆ సరుకు ఆ అవసరానికి సరిపోవాలి. మీరే ఫలానా బ్రాండు, ఫలానా మోడల్ కావాలని అడిగి కొంటే ఈ రక్షణ ఉండదు. మీ కేసులో ఆయనే మిల్లుకు వచ్చి, సిస్టమ్‌లు లెక్కపెట్టి, "ఈ మోడల్ చాలు" అన్నాడు. ఆ మాట కొటేషన్‌లోనో మెసేజ్‌లోనో దొరికితే వజ్రం. సాఫ్ట్‌వేర్ సరుకెలా అవుతుందని వాళ్ల లాయరు అడిగితే, రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకేనని 2004లో టాటా కన్సల్టెన్సీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఉంది. రెండేళ్లు వాడారు కాబట్టి బాక్సు వెనక్కిచ్చి మొత్తం డబ్బు అడగలేరు, ధరలో తగ్గింపు లేదా నష్టపరిహారం అడగొచ్చు.

ఇప్పుడు ఆ పోర్టు దగ్గరికి వద్దాం. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. మీ ఇంజినీరు చెప్పింది నిజమైతే అది బహుశా దూరం నుంచి సిస్టమ్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు, 3389. దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడమంటే మిల్లు వెనక గేటుకు గొళ్లెం పెట్టకుండా ముందు గేటు దగ్గర వాచ్‌మన్‌ను నిలబెట్టడమే. వీపీఎన్ (లాగిన్ ఉన్నవాళ్లే రాగల రహస్య దారి) ద్వారా ఇచ్చే వీలు ఆ బాక్సులోనే ఉండి ఉంటుంది. తెలిసిన ఇంజినీరు నేరుగా తెరవకూడదు, తెరిస్తే ప్రమాదం రాసి హెచ్చరించాలి. కానీ "వీపీఎన్ వద్దు, మా అకౌంటెంట్‌కు అది రాదు, డైరెక్టుగా ఇవ్వు" అని మీ వైపు నుంచి మెసేజ్ వెళ్లి ఉంటే కేసు సగానికి పడిపోతుంది. నోటీసు ఇవ్వకముందే మీ అకౌంటెంట్‌ను కూర్చోబెట్టి నిజం అడగండి. నాకు కూడా దాచకండి. వాళ్ల లాయరు ఆ మెసేజ్ చూపించే రోజు నేను కోర్టులో నిలబడి ఉంటాను.

నష్టం 6 లక్షలన్నారు, ఎలా లెక్కేశారో రాయలేదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం ఆ తప్పు వల్ల మామూలుగా కలిగే నష్టమే వస్తుంది. డేటా మళ్లీ ఎక్కించడానికి పెట్టిన మనుషుల జీతం, కొత్త సర్వర్ ఖర్చు, బయటి ఇంజినీరు బిల్లు రాబట్టుకోవచ్చు. లారీలు నిలిచిపోయి తప్పిన బేరం, పార్టీ దగ్గర పోయిన పేరు రావడం కష్టం. అలాంటి నష్టం జరుగుతుందని డీలర్‌కు ఒప్పందం రోజే తెలిసి ఉండాలి. నష్టం తగ్గించుకోవడానికి మీరేం చేశారో కూడా కోర్టు చూస్తుంది. బ్యాకప్ ఉందా అన్నది క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న. చాలా మిల్లుల్లో ట్యాలీ బ్యాకప్ అదే సిస్టమ్ డి డ్రైవ్‌లో ఉంటుంది, లేదా ఎప్పుడూ సర్వర్‌కే గుచ్చి ఉండే పెన్‌డ్రైవ్‌లో. తాళం పడితే రెంటికీ ఒకేసారి పడుతుంది.

ఏఎంసీ బాకీ ఆపొచ్చు, కానీ నోరు మూసుకుని ఆపొద్దు. ఏ లోపం వల్ల ఆపుతున్నారో వెంటనే రాసి పంపండి. డీలర్ సేవలందించే సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకుని ఉంటే, ఎంఎస్ఎంఈ చట్టం కింద బాకీ మీద బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ అడగొచ్చు. సేవ అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పని కొనుగోలుదారును ఆ చట్టం ఒప్పుకున్నట్టే లెక్కిస్తుంది.

దాడి చేసినవాళ్ల మీద పోలీసులకు ఫిర్యాదు ఇంకా ఇవ్వకపోతే రేపే ఇవ్వండి. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద సైబర్ క్రైమ్ పోలీసులు తీసుకుంటారు. 1930 హెల్ప్‌లైన్ నంబరు ప్రధానంగా ఖాతాలోంచి డబ్బు పోయినవాళ్లకు. సైబర్ దాడులను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. కంపెనీలకే కాదు, మీలాంటి భాగస్వామ్య సంస్థలకూ ఇది వర్తిస్తుంది. ఆరు గంటలు ఎప్పుడో దాటిపోయాయి, ఆలస్యంగానైనా మెయిల్ పెట్టండి. లాగ్‌లు దాచే ఏర్పాటు చేయాల్సింది ఏఎంసీ తీసుకున్న డీలర్ కాదా అన్నది నోటీసులో ఒక మంచి పాయింటు అవుతుంది.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపాక, 3 లక్షలు దాటిన వాణిజ్య వివాదం కాబట్టి అత్యవసర ఉత్తర్వు అడగనంతవరకు నేరుగా దావా వేయలేరు. వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. మీ కేసుకు నిజానికి అదే మంచి చోటు. డీలర్‌కు కూడా మిర్యాలగూడలో మిగతా మిల్లుల వ్యాపారం ఉంటుంది, పేరు పోగొట్టుకోవాలనుకోడు. అక్కడ తేలకపోతేనే కోర్టు. ఏఎంసీ కాగితంలో "వివాదాలు హైదరాబాద్ కోర్టుల్లోనే" అని గానీ, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట తీర్పరి ముందు తేల్చుకోవడం) అని గానీ ఉంటే దారి మారుతుంది, ముందే చూసి చెప్పండి.

ఒప్పందం ఉల్లంఘనకు గడువు మూడేళ్లు. పోర్టు సంగతికి ఇంకా టైముంది గానీ, మోడల్ సరిపోలేదన్న వాదనకు బాక్సు ఇచ్చిన రోజు నుంచే లెక్క మొదలైందని వాళ్లంటారు. మధ్యవర్తిత్వంలో గడిచిన కాలం గడువులో లెక్కించరు, నోటీసుల్లో గడిచిన కాలం లెక్కిస్తారు. మీరు రెండేళ్లని రాశారు గానీ ఇన్‌వాయిస్ తేదీ రాయలేదు. వచ్చేటప్పుడు ఆ ఇన్‌వాయిస్, కొటేషన్, ఏఎంసీ కాగితం తెండి. బాక్సు మాత్రం మిల్లులోనే ఉంచి గదికి తాళం వేయండి.