మెట్రో మ్యాపుల్లో దూరాలు నిజం కావంటారు, మరి కొత్త ఊళ్లో వాటిని నమ్ముకుని తిరగొచ్చా?

రైలు ఎక్కడ మారాలో తెలుసుకోవడానికి నమ్మొచ్చు. ఎంత దూరం, నడిచి పోవచ్చా అనే లెక్కకు మాత్రం అస్సలు నమ్మొద్దు. అందులోనూ నేల మీద, వంతెనల మీద నడిచే లైట్ రైల్ విషయంలో. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా మామయ్య గారు.

ఆయన గుంటూరు జిల్లాలో సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారు. గొలుసు లాగించి, రాళ్లు పాతించి, గట్టు తగాదాలు తీర్చిన మనిషి. మేం లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు ఉంటాం. అత్తయ్య గారితో కలిసి మొదటిసారి వచ్చినప్పుడు ఏం చూపించాలా అని మేం తలలు పట్టుకుని కూర్చుంటే, "గ్రీనిచ్ చూపించమ్మాయ్, చాలు" అన్నారు. సున్నా డిగ్రీల రేఖాంశం ఉన్న చోటు కదా. ఉద్యోగమంతా పటాలతోనే గడిపిన ఆయనకు అది తిరుపతి కింద లెక్క.

స్టేషన్‌లో మడత పెట్టిన ట్యూబ్ మ్యాపు, అంటే లండన్ మెట్రో మ్యాపు, ఒకటి తీసి చేతికిచ్చాను. కళ్లజోడు పైకీ కిందికీ జరిపి చూశారు.

"దీనికి స్కేలేదమ్మాయ్?"

లేదన్నాను.

"ఉత్తరం ఎటో చూపించే బాణం?"

అదీ లేదు.

"మరి దీన్ని పటం అని ఎవడన్నాడు?"

అన్నవాడు హ్యారీ బెక్. ఆయన డ్రాఫ్ట్స్‌మన్, అంటే ఇంజినీరింగ్ బొమ్మలు గీసేవాడు, 1931లో దీన్ని గీశాడు. గీతలన్నీ అడ్డంగా, నిలువుగా, లేదంటే 45 డిగ్రీల వాలులో ఉంటాయి. ఊరి నడిబొడ్డున ఇరుకిరుగ్గా ఉన్న స్టేషన్లను ఎడం చేశాడు, శివార్లలో ఎక్కడెక్కడో ఉన్నవాటిని దగ్గరికి లాక్కొచ్చాడు. పైవాళ్లు మొదట వద్దన్నారు. 1933లో జేబు మ్యాపుగా అచ్చేస్తే మాత్రం జనానికి తెగ నచ్చేసింది. భూమి లోపల పోయేవాడికి పైన ఏ వీధి ఉంటే ఏంటి, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి, అంతే కదా అన్నది ఆయన లాజిక్. ఇదంతా చెప్తే మామయ్య గారు, "అయితే వైరింగ్ డయాగ్రమ్ అను, ఒప్పుకుంటా" అన్నారు.

వెస్ట్ హామ్‌లో జూబ్లీ లైన్‌కి మారాం. నార్త్ గ్రీనిచ్ అని వినపడగానే ఆయన లేచి నిలబడ్డారు. ఇక్కడ కాదు మామయ్యా, కూర్చోండి అన్నాను. ఆయన మ్యాపు నా ముందు పెట్టి వేలితో నదిని చూపించారు. మనం ఎక్కింది నదికి ఉత్తరాన, ఈ స్టేషన్ దక్షిణాన, మనం వెళ్లాల్సిందీ దక్షిణానే. "గట్టు దాటి వచ్చేశాం కదా, మళ్లీ అవతలికెందుకు?" నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మా దారి థేమ్స్‌ను అటొకసారి, ఇటొకసారి, మళ్లీ అటొకసారి దాటుతుంది. నార్త్ గ్రీనిచ్ నుంచి గ్రీనిచ్ ఊళ్లోకి బస్సుంది. కానీ బస్సులు ఈ మ్యాపులో ఉండవు. అదే స్టేషన్ పక్కనుంచి నది మీదుగా పోయే కేబుల్ కార్ మాత్రం ఉంటుంది! నాకు తెలిసి రోజూ దాంట్లో ఆఫీసుకు వెళ్లేవాడు ఒక్కడూ లేడు. సరదాగా ఫొటోల కోసం ఎక్కేదానికి మ్యాపులో చోటుంది, కూరగాయల సంచీతో ఎక్కే బస్సుకు లేదు.

కానరీ వార్ఫ్‌లో దిగి డీఎల్ఆర్ కోసం హెరాన్ కీస్ స్టేషన్‌కి నడిచాం. డీఎల్ఆర్ అంటే డాక్‌లాండ్స్ లైట్ రైల్వే, డ్రైవర్ లేకుండా నడిచే చిన్న రైళ్లు. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి పట్టాల వెంబడి చూసిన మామయ్య గారికి అవతల ఇంకో స్టేషన్ కనపడింది. అదేంటన్నారు. డీఎల్ఆర్ వాళ్ల కానరీ వార్ఫ్ అన్నాను. దాని తర్వాతదేంటన్నారు. వెస్ట్ ఇండియా కీ, ఆ రెంటికీ మధ్య సుమారు 200 మీటర్లు అన్నాను. ఆయన బొటనవేలు మ్యాపు మీద ఆనించి ఆ మూడు స్టేషన్ల ఎడం కొలిచారు. తర్వాత అదే వేలిని పైన ఎడమ మూలకు తీసుకెళ్లి చెషమ్ దగ్గర పెట్టారు. అక్కడ చెషమ్‌కీ పక్క స్టేషన్‌కీ మధ్య 6 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. బొమ్మలో మాత్రం రెండు చోట్లా పెద్ద తేడా కనిపించదు. "ఇలా గీసి తహసీల్దార్‌కి పంపితే నా ఇంక్రిమెంట్ ఆపేసేవాళ్లు" అన్నారు.

నేను ఆయన పక్షమే. బెక్ పద్ధతి సొరంగాలకు సరిపోతుంది, లైట్ రైల్‌కు సరిపోదు. సొరంగంలో ఉన్నవాడికి పక్క స్టేషన్ కనపడదు కాబట్టి అబద్ధం బయటపడదు. డీఎల్ఆర్ 1987లో పాత ఓడరేవుల మీదుగా, కొంత మేర పాత రైలు వంతెనలనే వాడుకుని వేసిన లైను. ఎక్కువ భాగం పైనే పోతుంది, ఊరంతా కళ్ల ముందే ఉంటుంది. దక్షిణ లండన్‌లోని క్రోయ్‌డన్ ట్రామ్ సంగతి మరీ అన్యాయం. అది ఊరి మధ్యలో రోడ్డు మీద కార్లతో కలిసి నడుస్తుంది. దాన్నీ 2016లో తీసుకొచ్చి ఇదే మ్యాపులో ఇరికించారు. రోడ్డు మీద నడిచేదానికి రోడ్లు లేని మ్యాపు ఏంటో!

ఇది నా ఒక్కదాని గోల కాదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ గువో 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, లండన్ ప్రయాణికులు దారి ఎంచుకునేటప్పుడు అసలు పట్టే సమయం కన్నా మ్యాపులో కనిపించే దూరం ప్రభావమే దాదాపు రెట్టింపు. నాకైతే ఆ పరిశోధన కూడా అక్కర్లేదు, మా ఇంటికి వచ్చే చుట్టాలు చాలు. స్టేషన్ నుంచి స్టేషన్‌కి నడక ఎన్ని నిమిషాలో రాసిన మ్యాపును 2015లో అధికారికంగానే విడుదల చేశారు. అది కావాలంటే వెతుక్కోవాలి. స్టేషన్ గోడల మీద కనిపించేది పాత పద్ధతిదే.

బొమ్మలో నేలకు సంబంధించిన గుర్తు ఉన్నదల్లా ఆ నది ఒక్కటే. దాన్ని కూడా మూలలు తిప్పి గీశారనుకోండి. 2009లో ఆ నదినీ తీసేశారు! జనం గోల పెడితే, అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్ మళ్లీ పెట్టించారు. ఆ మనిషి చేసిన పనుల్లో నేను మెచ్చుకునేది అదొక్కటే.

హైదరాబాద్ వాళ్లు కూడా నవ్వుకోనక్కర్లేదు. హైటెక్ సిటీ పేరుతో మెట్రో స్టేషన్ ఒకటి, ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ ఒకటి ఉన్నాయి. పేరు ఒకటే కదా, పక్కపక్కనే ఉంటాయి అనుకుంటే ఆటో మాట్లాడుకోవాల్సిందే.

మ్యాపుని మరీ తిట్టేశాను గానీ, ఒక్క విషయంలో దానికి దణ్ణం పెట్టాలి. మెట్లు ఎక్కకుండా రైలు దాకా వెళ్లగలిగే స్టేషన్లకు చక్రాల కుర్చీ గుర్తు ఉంటుంది. నీలం గుండ్రంలో ఉంటే వీధి నుంచి రైల్లోకి నేరుగా, తెల్లదైతే ప్లాట్‌ఫామ్ వరకే. డీఎల్ఆర్ స్టేషన్లన్నింటికీ ఆ సదుపాయం ఉంది. మా అత్తయ్య గారి మోకాళ్లకు కావాల్సింది స్కేలు కాదు, లిఫ్ట్. ఆ రోజు మామగారూ కోడలూ స్కేలు గురించి వాదించుకుంటుంటే ఆవిడ, "ముందు ఆ లిఫ్ట్ ఎక్కడుందో చూడండి" అని ఒక్క మాటతో తేల్చేశారు.

గ్రీనిచ్ కొండ మీద ఆ గీతకు అటో కాలు, ఇటో కాలు వేసి మామయ్య గారు ఫొటో దిగారు. ఫోన్ తీసి చూస్తే జీపీఎస్ సున్నా చూపించలేదు. ఇప్పుడు జీపీఎస్ వాడే సున్నా రేఖ అక్కడికి 102 మీటర్లు తూర్పుగా పోతుంది. ఆ మాట చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇక్కడా గట్టు తగాదానేనా!"

అడిగినవాళ్లు లండన్ వస్తుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. డీఎల్ఆర్‌లో డ్రైవర్ ఉండడు కాబట్టి అందరూ ముందు సీటు కోసం ఎగబడతారు. మీరూ కూర్చోండి, బాగుంటుంది. గ్రీనిచ్ చూడాలంటే కట్టీ సార్క్ స్టేషన్‌లో దిగాలి. అక్కడ ప్లాట్‌ఫామ్ పొట్టిది, రైలు పొడుగుదైతే ముందు, వెనక చివర్ల తలుపులు తెరుచుకోవు. దానికి ముందు స్టేషన్ ఐలాండ్ గార్డెన్స్ రాగానే లేచి రైలు మధ్య వైపు తలుపుల దగ్గరికి వచ్చేయండి.