రోజులు లెక్కపెట్టుకునే పద్ధతి గురించి ఆస్పత్రిలో ఎందుకు చెప్పరు?

ప్రశ్న: మేడం గారూ, నాకు 24 ఏళ్లు, బాబుకు రెండేళ్లు. మిర్చి గోడౌన్లో ముచ్చికలు తీసే పనికి వెళ్తాను. ఇంకో బిడ్డ మూడేళ్లు ఆగాక చాలనుకున్నాం. మాత్రలు వేసుకుంటే వికారం. లూప్ అంటే భయం. ఆస్పత్రిలో అడిగితే "రెండో కాన్పు అవగానే ఆపరేషన్ చేయించుకో, అప్పటిదాకా మాత్రలే" అన్నారు. నెలసరి తేదీని బట్టి రోజులు లెక్కపెట్టుకునే పద్ధతి ఉందట, నిజమేనా? ఉంటే మాకెందుకు చెప్పరు?
– ఒక సోదరి, పాత గుంటూరు

జవాబు: ఉందమ్మా. స్టాండర్డ్ డేస్ పద్ధతి అంటారు. అమెరికాలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించారు. బొలీవియా, పెరూ, ఫిలిప్పీన్స్‌లలో 478 మంది మహిళలతో పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు.

ముందు ఇది నీకు పనికొస్తుందో లేదో చూసుకో. ఒక నెలసరి మొదలైన రోజు నుంచి తర్వాతది మొదలయ్యేదాకా 26 నుంచి 32 రోజులు పట్టాలి. ఏడాదిలో రెండుసార్లు ఆ లెక్క తప్పిందంటే ఈ పద్ధతి వదిలెయ్. బాబుకు ఇంకా పాలిస్తున్నా, కాన్పు తర్వాత కనీసం నాలుగు నెలసరులు వచ్చి, చివరి రెండింటి మధ్య నెల ఎడం ఉంటేనే మొదలుపెట్టాలి.

గోడ మీద క్యాలెండరు చాలు. రక్తస్రావం మొదలైన తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టు, అది ఒకటో రోజు. ఎనిమిదో రోజు నుంచి పంతొమ్మిదో రోజు దాకా గీత గియ్యి. 3వ తేదీన వచ్చిందనుకో, గీత 10 నుంచి 21 దాకా. ఆ 12 రోజులూ కలవకూడదు, లేదా నిరోధ్ వాడాలి. అండం ఒక్క రోజే బతుకుతుంది గానీ వీర్యకణాలు ఐదు రోజుల దాకా ఉండగలవు. పైగా అండం విడుదలయ్యే రోజు నెలనెలా అటూ ఇటూ అవుతుంది. అందుకే అన్ని రోజులు.

ఎంత నమ్మొచ్చు? ఖచ్చితంగా పాటించినవాళ్లలో ఏడాదికి నూటికి ఐదుగురికి గర్భం వచ్చింది. మామూలుగా, అప్పుడప్పుడూ తప్పుతూ పాటించినవాళ్లను కూడా కలిపితే 12 మందికి. మామూలు వాడకంలో నిరోధ్‌తోనూ ఇంచుమించు ఇంతే. గుండె జబ్బు లాంటివి ఉండి గర్భం అసలు రాకూడనివాళ్లకు మాత్రం ఇది నేను చెప్పను.

ఇక ఎందుకు చెప్పరంటావా? మన దేశంలో 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైన రోజుల్లో ప్రభుత్వం పరీక్షించింది రోజుల లెక్క పద్ధతినే. ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ ఆహ్వానం మీద అమెరికా వైద్యుడు డాక్టర్ అబ్రహం స్టోన్ వచ్చారు. అప్పటి మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో, ఢిల్లీలో ఆడవాళ్లకు రంగు పూసల దండలిచ్చి లెక్క నేర్పారు. దండ మెడలో వేసుకుంటే చాలనుకున్నవాళ్లూ ఉన్నారు. ఇచ్చి పంపేస్తే చాలదు, కూర్చోబెట్టి నేర్పాలని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత మనం ఆపరేషన్ వైపు మళ్లాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. లెక్క పద్ధతిలో చేతికివ్వడానికి మాత్ర లేదు, ఇంజెక్షన్ లేదు. ఓపిగ్గా మాట్లాడటమే ఉంది. రద్దీ ఓపీలో ముందు కోత పడేది దానికే.

నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది "నెలసరి అయ్యాక వారం ఆగుతున్నాం, భయం లేదు" అంటారు. వారం ఆగి సరిగ్గా ప్రమాదమైన రోజుల్లో కలుస్తున్నారన్నమాట! మనం నేర్పకపోయినా జనం లెక్కపెడుతూనే ఉన్నారు, తప్పుగా. రువాండా, మాలి ఆరోగ్య సేవల్లో దీన్ని చేర్చుకున్నాయి. మన జార్ఖండ్‌లో 'మాలాచక్రం' పేరుతో 32 పూసల దండ ఇచ్చి నేర్పారు. ఇక్కడా ఏఎన్‌ఎంలకు, ఆశాలకు శిక్షణ ఇచ్చి, మిగతా పద్ధతుల పక్కనే దీన్నీ చెప్పించాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఒక్క మాట. మీ ఆయన ఒప్పుకుంటేనే ఇది సాగుతుంది. తాగొచ్చి బలవంతం చేసే ఇంట్లో ఈ లెక్క నిలవదు. అలాంటి పరిస్థితి ఉంటే మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, కాపర్-టి (నువ్వన్న లూప్ అదే) గురించి అడుగు. కాపర్-టి మీద నీ భయం ఏమిటో కూడా దాచకుండా చెప్పు. ఆయన ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి ఏఎన్‌ఎం దగ్గరికి వెళ్లండి, గడిచిన నెలల తేదీలు రాసి పట్టుకెళ్లండి. లెక్క తేలేదాకా నిరోధ్ వాడండి.